మిల్లు మోత ఆగిన ఇల్లు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది విజయనగరానికి దగ్గర్లో ఒక పల్లె. నాకు 61 ఏళ్లు, మా ఇంటాయనకు 66. ఆయన జూట్ మిల్లులో మగ్గాల దగ్గర 33 ఏళ్లు చేసి దిగిపోయారు. అప్పట్నుంచి మా ఇంట్లో టీవీ ఆగదు. పొద్దున్న పళ్లు తోముకోకముందే పెడతారు. రాత్రి ఆయన గురక మొదలయ్యాక నేను ఆపాలి. ఆపానో లేదో లేచి కూచుని "ఏటే, ఇల్లు సచ్చినట్టుందేటి?" అంటారు. పోనీ చూస్తారా అంటే చూడరు. ఆయన వీధరుగు మీద కూచుంటారు, లోపల అది దాని మానాన అరుస్తూ ఉంటుంది. మనవరాలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి "మీ నాయనమ్మకిస్తా" అని నాకిచ్చేస్తారు. పెళ్లిళ్లకు రమ్మంటే రారు. మొదట్నుంచీ ఇలాంటి మనిషి కాదు. మిల్లు లాకౌట్ పడిన రోజుల్లో ఊరంతా తిరిగేవారు గాని ఇంట్లో క్షణం కూచునేవారు కాదు.

నాకేమో కాస్త ప్రశాంతంగా ఉండాలని ఉంది. ఆయన నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటే పిల్లల్ని వీధిలోకి తోలేసి, కుక్కర్ పెట్టకుండా గిన్నెలో వండి, చడీచప్పుడు లేకుండా సంసారం చేశాను. సరే, ఇప్పుడదంతా ఎందుకు గాని. మొన్న కోపమొచ్చి మూడు రోజులు మాట్లాడ్డం మానేశాను. ఆయన గమనించారో లేదో తెలీదు, టీవీ సౌండు మాత్రం ఇంకాస్త పెంచారు. కోడలు "చెరో గదిలో ఉండండి అత్తయ్యా" అంటోంది. నిశ్శబ్దం ఆరోగ్యానికి మంచిదని అందరూ చెబుతారు కదా, మరి ఈయనకు అదంటే ఎందుకు పడదు? ఆయనకేమైనా జబ్బా, లేక అస్తమానం విసుక్కునే నాకా? ఇంకొకటి, పండగలకు మైకులు రాత్రి ఎన్ని గంటలదాకా పెట్టుకోవచ్చో కూడా చెప్పండి.

ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు టీవీ దగ్గర మొగుడూ పెళ్లాల తగువేలే అనుకున్నాను. రెండోసారి చదువుతుంటే రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి, మనవరాలి ఫోను ఆయన మీకిచ్చేయడం. రెండోది, మీరే "సరే, ఇప్పుడదంతా ఎందుకు గాని" అని దాటేసిన మాట. నేను చెప్పబోయేదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఫోన్ సంగతి. అన్నిటికన్నా ముందు ఆయనకు చెవి పరీక్ష చేయించండి. తాతకు మనవరాలి మీద ప్రేమ లేక ఫోను ఇచ్చేయడం లేదు, పాప మాట ఆయనకు వినపడుతుంది గాని అర్థం కాదు. నా అనుమానం అది.

వినపడటం, అర్థం కావడం ఒకటే అనుకుంటాం గాని కాదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఒకటి ఉంది. అందులో సన్నని కేశాల్లాంటివి మొలిచిన కణాలు ఉంటాయి, ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. ఏళ్ల తరబడి పెద్ద మోతలో పనిచేస్తే అవి ఒక్కటొక్కటే చచ్చిపోతాయి. చచ్చినవి మళ్లీ మొలవవు. ముందుగా దెబ్బతినేవి సన్నని శబ్దాలను పట్టుకునేవి, 4000 హెర్ట్జ్ దగ్గరివి. మన స, శ, త, చ లాంటి అక్షరాల పదునంతా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అచ్చులు లావుపాటి శబ్దాలు, అవి బాగానే వినపడతాయి. అంటే పాప "తాతా, శనివారం వస్తున్నాం" అంటే ఆయన చెవిన పడేది "ఆఆ, అనివారం వ...ఉన్నాం" లాంటిదేదో. మగవాళ్ల లావుగొంతు కొంత నయం. పిల్లల గొంతు, ఆడవాళ్ల గొంతు సన్నంగా ఉంటాయి కాబట్టి ముందు అవే జారిపోతాయి. పెళ్లిపందిట్లో నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే ఇంకా కష్టం. ఆయన పెళ్లిళ్లకు రానంటున్నది అందుకేనేమో. టీవీ సౌండు పెంచితే అచ్చులు ఇంకా లావెక్కుతాయి, పోయిన హల్లులు మాత్రం తిరిగి రావు. అందుకే పెడతారు గాని చూడరు.

మగ్గాల షెడ్డులో మోత ఎంత ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు, భోజనం క్యారేజీ పట్టుకుని గేటుదాకా వెళ్లే ఉంటారు. మన ఫ్యాక్టరీల నియమాలు ఎనిమిది గంటల షిఫ్టుకు 90 డెసిబెల్స్ హద్దుగా పెట్టాయి. మామూలుగా మనుషులు మాట్లాడుకునే మాట 60 దగ్గర ఉంటుంది. 60కీ 90కీ తేడా ఒకటిన్నర రెట్లే కదా అనుకుంటారు చాలామంది, క్లాసులో నా పిల్లలూ అలాగే అనేవారు. డెసిబెల్ లెక్క అలా నడవదు. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది, ముప్ఫై పెరిగితే వెయ్యి రెట్లు. మన చెవికి మాత్రం ప్రతి పదికీ సుమారు రెట్టింపైనట్టు అనిపిస్తుంది, అంటే మొత్తం ఎనిమిది రెట్లు. వెయ్యి రెట్ల దెబ్బ తగులుతున్నా చెవి మనకు ఎనిమిదే అని చెబుతుంది. "అలవాటైపోయింది మాస్టారూ" అని మిల్లువాళ్లు అనేది ఈ అబద్ధాన్ని నమ్మే. అలవాటయ్యేది బుర్రకు, కణాలు వాటి దారిన అవి పోతూనే ఉంటాయి.

ఇక రాత్రి సంగతి. టీవీ ఆపగానే ఎందుకు లేస్తారు? ఆయన్ని ఒకసారి మెల్లగా అడగండి, చెవిలో ఏమైనా గుయ్యిమంటోందా అని. మోతలో పనిచేసిన చాలామందికి చెవిలో కీచురాయి కూసినట్టు ఉంటుంది. పగలు బయటి చప్పుళ్లలో అది మునిగిపోతుంది, అవి ఆగగానే పైకి తేలుతుంది. మీరు స్విచ్ నొక్కినప్పుడు మీకు నిశ్శబ్దం మొదలైతే, ఆయనకు కీచురాళ్లు మొదలవుతూ ఉండొచ్చు. ఒకే గదిలో, ఒకే మంచం మీద. 1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు ఒక పని చేశారు. చెవులు బాగానే ఉన్న 80 మందిని శబ్దం చొరని గదిలో కూచోబెట్టి, ఏం వినపడుతోందో చెప్పమన్నారు. 94 శాతం మంది ఏదో ఒకటి వినపడుతోందన్నారు, హోరనీ ఈల అనీ. బయట చప్పుడు పూర్తిగా తీసేస్తే ఒంట్లోది బయటపడుతుంది. మంచి చెవులవాళ్ల సంగతే అది. మగ్గాల దగ్గర 33 ఏళ్లు చేసిన చెవుల మాట ఇంక చెప్పాలా!

ఇదంతా శరీరం సంగతి. ఇందులో జబ్బు అనే మాట వాడితే అది చెవి వరకే, మనిషికి అంటగట్టకండి.

మీరు రాసిన లాకౌట్ మాట నన్ను ఇంకో చోటికి తీసుకెళ్లింది. మన జిల్లాలో జూట్ మిల్లు ఉన్న ఏ ఊళ్లోనైనా సరే, మోత ఉందంటే జీతం ఉన్నట్టు. మిల్లు కూత విని పొయ్యి వెలిగించుకునేవాళ్లు, కూత విని పిల్లల్ని బడికి పంపేవాళ్లు. కూత వినపడని పొద్దున్న ఊరికి ఊరే ఉలిక్కిపడేది. గేటుకి తాళం, కాగితం అంటించిన నోటీసు, కొట్లో ఖాతా ఆగిపోవడం, అన్నీ ఆ నిశ్శబ్దం వెనకే వచ్చేవి. ఆయన అప్పుడు ఊరంతా తిరిగేవారన్నారు. ఎందుకు తిరిగేవారో ఎప్పుడైనా అడిగారా? మోత ఆగిన ఇంట్లో కూచోలేక అయ్యుంటుంది. మీరు ప్రశాంతం అంటున్నదాన్ని ఆయన ఒళ్లు లాకౌట్ అని గుర్తుపెట్టుకుంది. "ఇల్లు సచ్చినట్టుంది" అన్న మాటలో నాకు ఎగతాళి వినపడలేదు, భయం వినపడింది.

ఈ భయం నాకూ కొంచెం తెలుసు. మా సొంతూరు ఉద్దానంలో ఉంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన వారం తర్వాత అక్కడికి వెళ్లాను. చిన్నప్పట్నుంచీ ఆ ఊరంటే నాకు నిశ్శబ్దమైన ఊరు. సెలవులకు వెళ్తే హాయిగా నిద్రపట్టేది. ఆ రాత్రి కరెంటు లేదు, ఫ్యాన్ లేదు, మైకు లేదు, ఇంజన్ లేదు. అయినా తెల్లవార్లూ నిద్రలేదు. ఎందుకో తెల్లారి పెరట్లోకి వెళ్లాక తెలిసింది. కొబ్బరిచెట్లు లేవు, జీడితోట లేదు. గాలి వీస్తోంది గాని కొట్టుకోవడానికి ఒక్క కొబ్బరాకు మిగల్లేదు. నేను ఇన్నేళ్లూ నిశ్శబ్దం అనుకున్నది కొబ్బరాకుల గలగల, దాని మీద పిట్టల గోల. అవి పోయాక వచ్చినది అసలు నిశ్శబ్దం, దాన్ని ఒక్క రాత్రి కూడా భరించలేకపోయాను. మా అక్క మాత్రం అప్పటికే వారం భరించింది. "చప్పుడు లేకపోతే చెట్లు మళ్లీ మళ్లీ పడినట్టుంటుందిరా" అంది. ఆ మాట నాకు అప్పుడు సరిగా అర్థం కాలేదు.

మన భాషకు ఈ సంగతి ఎప్పుడో తెలుసనిపిస్తుంది. చప్పుడుకు ఎన్ని మాటలున్నాయో చూడండి: మోత, రొద, హోరు, గోల, సద్దు, సవ్వడి, అలికిడి. నిశ్శబ్దానికి మాత్రం శబ్దం లేకపోవడం అనే సంస్కృతపు మాటే గతి. ఇంటిమాటల్లో "సద్దుమణిగింది" అంటాం, అందులోనూ ముందు సద్దు ఉండాల్సిందే. ఈ మాటల్లో నాకిష్టమైనది అలికిడి. ఇంట్లో మనిషి ఉన్నట్టు తెలిపే చిన్న చప్పుడు. గిన్నె పెట్టిన చప్పుడు, చీపురు చప్పుడు, గడియ తీసిన చప్పుడు. చెవులు బాగున్న మనిషికి ఇంట్లో ఆ అలికిడి రోజంతా అందుతూనే ఉంటుంది, కాబట్టి టీవీ ఆపినా ఇల్లు ఖాళీ అనిపించదు. మీకు అలా అందుతోంది. ఆయనకు ఆ సన్నని చప్పుళ్లే ముందు పోయాయి. ఆయన ఇంట్లో మిగిలినవి రెండే, టీవీ లేదా శూన్యం. ఆయన అరుగు మీద కూచుని లోపల టీవీ పెట్టుకోవడం అలికిడి కోసమేనని నా ఊహ.

2023లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంవాళ్లు ఇలాంటి విషయమే ఒకటి బయటపెట్టారు. ఒక నిడుపాటి శబ్దం, అంతే కాలం పట్టే రెండు పొట్టి శబ్దాల కన్నా ఎక్కువసేపు ఉన్నట్టు మన చెవికి తోస్తుందని ముందే తెలుసు. అదొక భ్రమ. వాళ్లు దాన్ని తిరగేసి చేశారు. హోటల్లో ఉండే రణగొణ లాంటిది వినిపిస్తూ మధ్యలో టక్కున ఆపారు. ఒకసారి ఒకే పెద్ద విరామం, ఇంకోసారి రెండు చిన్న విరామాలు, మొత్తం కాలం సమానం. జనం పెద్ద విరామమే ఎక్కువసేపు ఉందన్నారు. శబ్దం విషయంలో పడిన బోల్తాయే నిశ్శబ్దం విషయంలోనూ పడ్డారు. చప్పుడు లేనప్పుడు మెదడు ఊరికే కూచోదు, ఆ లేకపోవడాన్నీ చప్పుడును పట్టుకున్నట్టే పట్టుకుంటుంది. పగలంతా టీవీ విని విని రాత్రి ఒక్కసారి ఆపితే ఆయనకు ఆ నిశ్శబ్దం కూడా ఒక మోతలాగే తగులుతుందని నాకు అనుమానం. మీరు ఆపడం తప్పని అనను, టక్కున ఆపడం మాత్రం ఆయనకు పడటం లేదు.

మీ ఊరికి దగ్గరే కాబట్టి ఒక మాట. విజయనగరంలో 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఉంది కదా, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. అక్కడ పాట నేర్చుకునే ఏ పిల్లనైనా ఆదితాళం వేసి చూపించమనండి. ఎనిమిది లెక్కల్లో చెయ్యి తొడ మీద దెబ్బ వేసేది మూడుసార్లే. మిగతా అయిదూ వేళ్లు లెక్కపెట్టడం, అరచెయ్యి తిప్పడం. మొదటివాటిని సశబ్ద క్రియలంటారు, రెండోవాటిని నిశ్శబ్ద క్రియలు. నిశ్శబ్దాన్ని కూడా క్రియ అన్నారు చూశారా, పని చేయకపోవడం అనలేదు. ఆ అయిదూ లెక్క తప్పితే పాట పడిపోతుంది.

ఇప్పుడు మీరు దాటేసిన మాటకొస్తాను. 33 ఏళ్లు పిల్లల్ని వీధిలోకి తోలి, కుక్కర్ మానుకుని, గిన్నె కింద గుడ్డ వేసి మీరు చేసినది నిశ్శబ్ద క్రియే. ఆ పనికి మీకు ఎవరూ హాజరు వేయలేదు, బోనస్ ఇవ్వలేదు. ఆయన నిద్రపోయారంటే అది మీరు చేసి పెట్టిన నిద్ర. అప్పుడు ఇంట్లో చప్పుడు మీద అధికారం ఆయన అవసరానిది, ఇప్పుడు రిమోటూ ఆయన చేతిలోనే ఉంది. అప్పుడు మోగకూడదు, ఇప్పుడు ఆపకూడదు. ఏ కాలంలోనూ మీట మీ చేతికి రాలేదు. మీ విసుగు జబ్బు కాదమ్మా. చాలా ఏళ్ల బాకీ అది.

మీట అన్నాను కాబట్టి ఇంకో సంగతి. 1970 ప్రాంతంలో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి ఎప్పుడు పడుతుందో తెలియని పెద్ద మోతలు వినిపించారు. అందులో కొందరికి ఒక మీట ఇచ్చి, కావాలంటే నొక్కి ఆపుకోవచ్చు గాని నొక్కకుండా ఉంటేనే మంచిదన్నారు. దాదాపు ఎవరూ నొక్కలేదు. అందరూ విన్నది ఒకే మోత. తర్వాత ఓపిక కావలసిన పనులు ఇస్తే, మీట ఉన్నవాళ్లు ఎక్కువసేపు నిలబడ్డారు, తక్కువ తప్పులు చేశారు. లేనివాళ్లు తొందరగా వదిలేశారు. అంటే మనిషిని అరగదీసేది మోత ఒక్కటే కాదు, ఆపుకోలేకపోవడం కూడా. పక్కింటి పెళ్లి బాజా చికాకు, మన ఇంటి పెళ్లి బాజా ముచ్చట. మీకు టీవీ అంత భారమైపోవడానికి సౌండు సగం కారణమైతే మిగతా సగం ఇది.

అందుకని మీరు చేసిన మౌనవ్రతం గురించి నిర్మొహమాటంగా చెబుతాను, కోపగించుకోకండి. అది పనిచేయదు. చెవి సరిగా వినని మనిషి మీద మౌనం ప్రయోగిస్తే ఆయనకు అది చేరేదెలా? మీరు మాట్లాడ్డం మానేసినట్టు ఆయనకు తెలిసి ఉండదు. ఇల్లు ఇంకా ఖాళీ అయినట్టు మాత్రం తెలిసి ఉంటుంది, కాబట్టే సౌండు పెంచారు. మౌనం అర్ధాంగీకారం అంటారు, మీ ఇంట్లో ఆ సగం కూడా అందలేదు.

చేయాల్సినవి చెబుతాను. జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రి ఈఎన్‌టీ విభాగానికి తీసుకెళ్లండి, ఆడియోమెట్రీ అనే పరీక్ష అడగండి. ముందు చెవిలో గులిమి గడ్డకట్టి ఉందేమో కూడా చూస్తారు, ఒక్కోసారి సగం చెవుడు అక్కడే తీరిపోతుంది. మిల్లులో ఈఎస్‌ఐ కట్టి, వయసు నిండి రిటైరై ఉంటే, అయిదేళ్లకు తక్కువ కాకుండా ఆ లెక్కలో ఉన్నవాళ్లకు ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ వైద్యం పొందే వీలుంది, పాత కాగితాలు వెతకండి. మోత వల్ల వచ్చే చెవుడును కార్మిక చట్టాల్లోనే వృత్తిరోగంగా రాసుకున్నారు, అది కూడా తెలిసి ఉండటం మంచిది. నష్టం ఎక్కువని తేలితే సదరం సర్టిఫికెట్ సంగతి డాక్టరునే అడగండి. వినికిడి యంత్రం అవసరమంటే వాయిదా వేయకండి. పెట్టుకున్న మొదటి వారాల్లో "గిన్నెల చప్పుడు చంపేస్తోంది" అని తీసి డబ్బాలో పెడతారు. అప్పుడే వదిలేయకండి, ఎన్నో ఏళ్లుగా వినని చప్పుళ్లవి. మెల్లగా రోజుకో గంట పెంచుకుంటూ పోవాలి.

రానంటారు, నాకు తెలుసు. మన వైపు మగవాళ్లకు కళ్లజోడు పెద్దరికం, చెవి మిషను నామోషీ. "చెవిటి మాలోకం" అని ఎవరైనా అంటారేమోనని భయం. గిడుగు రామమూర్తి గారి సంగతి చెప్పండి. మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. సవరల భాష నేర్చుకోడానికి మన్యం తిరిగితే మలేరియా పట్టుకుంది, దానికి వేసుకున్న క్వినైన్ వల్ల వినికిడి పోయింది. ఆ చెవులతోనే ఆయన జనం నోట వినే తెలుగు కోసం బతుకంతా పోరాడారు. ఇవాళ ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. చెవుడు ఆయన్ని చిన్నబుచ్చలేదు.

మనవరాలికి కూడా ఒక మాట చెప్పండి. మామూలు ఫోన్ కాకుండా వీడియో కాల్ చేయమనండి, వెలుతురులో కూచుని పెదాలు కనపడేలా మాట్లాడమనండి. మిల్లులో మోత మధ్య మాట్లాడుకున్నవాళ్లకు పెదాలు చదవడం వచ్చి ఉంటుంది. స్కాట్లండులో డండీ అనే ఊరు ఒకప్పుడు జూట్ మిల్లులకు పేరు, అక్కడి కార్మికులు మగ్గాల హోరులో పెదాల కదలికతో, చేతి సైగలతో మాట్లాడుకునేవారు. మీవారికీ షెడ్డులో ఇలాంటి సైగలు ఉండే ఉంటాయి. "మేస్త్రీ వస్తున్నాడు", "దారం తెగింది", "టీకి పోదాం", ఇవి ఎలా చెప్పుకునేవాళ్లో పాపకు నేర్పించమనండి. అంత మోతలో అంత నిశ్శబ్దంగా మాట్లాడుకున్న మనిషి ఆయన. మీరు కూడా వంటింట్లోంచి కేకేయడం మానేసి ఎదురుగా వచ్చి మాట్లాడండి. అరవకండి, అరిస్తే గొంతు సన్నబడుతుంది, ఆయనకు ఇంకా వినపడదు. గొంతు కాస్త లావు చేసి నిదానంగా చెప్పండి.

రాత్రి టీవీ టక్కున ఆపొద్దు. టేబుల్ ఫ్యాను పెట్టి దాని హోరు మొదలయ్యాక టీవీ సౌండు కొంచెం కొంచెం తగ్గించి ఆపండి. ఒకే తీరున సాగే చప్పుడు చెవిలో కీచురాయిని కప్పేస్తుంది, మీకూ మాటల గోల తప్పుతుంది. చలికాలంలో ఫ్యాను ముఖం గోడవైపు తిప్పుకోవచ్చు. హెడ్‌ఫోన్స్ పెట్టేద్దామని కొడుకు అంటాడేమో, డాక్టరు చూసేదాకా వద్దు. ఇప్పటికే అరిగిన చెవిలోకి నేరుగా పెద్ద సౌండు పోస్తే ఉన్నదీ పోతుంది.

ఇక మీ బాకీ. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగుదాకా రిమోటు మీది. దీనికి కారణం ఆయన ఆరోగ్యమని చెప్పకండి, మీకు కావాలి కాబట్టి అని చెప్పండి. నైట్ షిఫ్టు రోజుల్లో ఆయన పడుకున్న గంటలవి, అది కూడా చెప్పండి. మీరు గుడ్డ వేసి గిన్నె దించిన సంగతి ఆయనకు తెలియకపోవచ్చు. నిద్రపోయిన మనిషికి చప్పుడు చేయనివాళ్లెవరో ఎలా తెలుస్తుంది? ఆ మూడు గంటలూ ఆయన రచ్చబండ దగ్గరకు పోతే మరీ మంచిది. అరుగు మీదే ఉంటానంటే చిన్న రేడియో ఇవ్వండి, విశాఖపట్నం కేంద్రం పెట్టుకుంటారు. చెరో గది అన్న కోడలి సలహా మంచి మనసుతో ఇచ్చిందే గాని ఇప్పుడు వద్దు. ఉన్న కాస్త అలికిడీ గోడ అవతలికి పోతుంది, ఆయన గదిలో ఇంకో టీవీ వస్తుంది.

మైకుల గురించి: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండగలకు ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలించవచ్చు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఇబ్బందయితే 112కు ఫోన్ చేయవచ్చు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు మాత్రం నేనైతే చేయను. ఆ ఒక్కరోజు డప్పుల హోరులో మీవారికీ మీకూ చెవులు సమానమే, ఇద్దరూ కలిసి వెళ్లిరండి.

పరీక్షయ్యాక ఆసుపత్రిలో ఒక గళ్లకాగితం ఇస్తారు. ఎర్ర సున్నాలతో ఉన్న గీత కుడిచెవిది, నీలం ఇంటూ గుర్తులతో ఉన్నది ఎడమచెవిది. కాగితం మీద కుడివైపుకు వెళ్లేకొద్దీ సన్నని శబ్దాలు, కిందికి జారేకొద్దీ వినికిడి తగ్గినట్టు. మీరు చదివి చెప్పకండి, ఆయన చేతికే ఇవ్వండి. గీతలు కుడివైపున కిందికి జారి ఉంటే, అక్కడే మనవరాలి గొంతు ఉందని చూపించండి.